లస్కరు కళ్ళు

ముందు మా ఊళ్ళో చెప్పుకునే కథ సంగతి తేల్చాలి. రాజమండ్రిలో పాతకాలపు కంప్యూటర్ మెకానిక్కులు ఇద్దరు ఒకచోట చేరి టీ తాగితే మూడో మాటగా ఈ కథ వస్తుంది. అమావాస్య అర్ధరాత్రి ఒక ఫోటో స్టూడియోలో, కాలువలో పడి చచ్చిపోయిన లస్కరు కంప్యూటర్ తెర మీద కళ్ళు తెరిచాడట. భార్య ఏడుస్తూ పిలిస్తే తెరిచాడట. కరెంటు పోయినా తెర ఆరలేదట. అక్కడున్న ఆడ మెకానిక్కు స్పృహ తప్పి పడిపోయిందట.

ఆ ఆడ మెకానిక్కుని నేనే. నేను స్పృహ తప్పలేదు. నా జన్మలో ఒక్కసారే స్పృహ తప్పాను, అది ఎండలో కిరోసిన్ క్యూలో. అది అర్ధరాత్రి కాదు, పగలు పదకొండు గంటలు. వీధిలో కూరల బండివాడు ములక్కాడలని అరుస్తున్నాడు. అమావాస్యో కాదో నాకు తెలియదు, నేను చూసే మనిషినీ కాదు. కరెంటు శుభ్రంగా ఉంది. అన్నిటికంటే ముఖ్యం, లస్కరు భార్య ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఈపాటికి నేను మరిచిపోయేదాన్ని. ఆవిడ ఒక ప్రశ్న అడిగింది. దానికి నేను అబద్ధం చెప్పాను. కథ చెప్పేవాళ్ళకి ఆ ప్రశ్న తెలియదు కనుక వాళ్ళ కథలో దెయ్యం చేరింది.

కళ్ళు తెరుచుకున్న మాట మాత్రం నిజం.

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న ఫోను ఆ రోజుల్లో మా షాపులో ఉన్న కంప్యూటర్లన్నీ కలిపినా సాటి రానిది. అందుకని మీకు కొంచెం చెప్పాలి. తొంభైల చివర్లో కొత్త కంప్యూటర్ కొనడం అందరికీ అయ్యే పని కాదు. పాతదాన్నే ఇంకొన్నేళ్ళు లాగడం మా వృత్తి. నేను బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివి, ఉద్యోగం ఇవ్వని వాళ్ళందరితో దెబ్బలాడి, చివరికి ఒక పాత రేడియో మెకానిక్కుతో కలిసి షాపు పెట్టాను. ఆయన్ని అందరూ మాస్టారు అనేవాళ్ళు. ఆయన నన్ను అమ్మాయిగారూ అనేవారు. వచ్చిన కస్టమర్లు ఆయనతో మాట్లాడేవాళ్ళు, ఆయన నావైపు చూపించేవారు, వాళ్ళు మళ్ళీ ఆయనతోనే మాట్లాడేవాళ్ళు. ఈ తతంగం రోజూ ఉండేది. నా నోరు ఇలా తయారవడానికి ఆ కస్టమర్ల చలవ కొంత ఉంది.

అప్పుడు మద్రాసు నుంచి అడాప్టర్లు రావడం మొదలైంది. అరచేతిలో సగం ఉండే పలక. కింద సూదుల్లాంటి కాళ్ళు, పైన చిల్లులు, పక్కన వోల్టేజి తగ్గించే చిన్న చిప్పు. పాత బోర్డు కొత్త ప్రాసెసర్‌కి ఎక్కువ వోల్టేజి ఇచ్చి కాల్చేస్తుంది. ఈ పలక రెండింటికీ మధ్య కూర్చుని, పైనున్న కొత్తదానికి ఎంత కావాలో అంతే అందిస్తుంది. కింద ముసలి బోర్డు, పైన కుర్ర ప్రాసెసర్. పాత పెట్టె ఒక్కపూటలో మూడింతల వేగంతో లేచేది. మా కస్టమర్లు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. నాకు అది బాగుండేది, ఒప్పుకుంటాను.

అంతటితో ఆగితే సరిపోయేది. బోర్డు మీద జంపర్లని చిన్న ప్లాస్టిక్ టోపీలు ఉంటాయి. వాటిని ఒక గడి పక్కకి జరిపితే బోర్డు గుండె కొట్టుకునే వేగమే మారిపోతుంది. రాసి ఉన్నది అరవై ఆరు మెగాహెర్ట్జ్. జరిపితే డెబ్భై అయిదు, ఇంకా జరిపితే ఎనభై మూడు. ఎనభై మూడు గురించి ఆ బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఒక్క ముక్క లేదు. నేను కనిపెట్టాను.

స్టూడియో ఆయన కంప్యూటర్ మా బల్ల మీదకి వచ్చింది అలాంటి రోజుల్లో. ఆయన పని చచ్చిపోయినవాళ్ళ పటాలు. పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ కూడా తీసేవాడు గానీ, పేరు మాత్రం పటాలకే. పెనుగొండ నుంచి అన్నవరం దాకా పెద్దకార్యం ఉన్న ఇళ్ళవాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. వాళ్ళు తెచ్చేది ఏ పెళ్ళిలోనో తీసిన గుంపు ఫోటో. అందులోంచి ఆ ఒక్క తలా తీసి, వెనకున్న జనాన్ని చెరిపి, మెడ కింద మంచి చొక్కా తొడిగి, పన్నెండు బై పదిహేను అంగుళాల పటం చేసి ఇచ్చేవాడు.

ఆయన పద్ధతి మీకు తెలియాలి, ఎందుకంటే కథంతా దాంట్లోనే ఉంది. ఎవరొచ్చినా మొదటి మాట, "ఎప్పుడు పోయారండీ?" ఫోటో చేతిలోకి తీసుకోకముందే ఆ తేదీ కొట్టేవాడు. పటం అడుగున అంకెల్లో ఆ తేదీ, కంప్యూటర్లో ఫైలు పేరు కూడా అవే ఎనిమిది అంకెలు. చచ్చిపోయినవాళ్ళ పేర్లు ఇంగ్లీషులో కొట్టడం ఆయనకి రాదు. పేరు చివర్లో బ్రష్షుతో రాసేవాడు. తర్వాత తెర మీద రెండు అడ్డగీతలు. కళ్ళు పై గీత మీద ఉండాలి, గడ్డం కింది గీత మీద. ఎవరి తలైనా ఆ రెండు గీతల మధ్యకి లాగాల్సిందే. ఆ సైజు పటం బతికున్నవాళ్ళకి చేసేవాడు కాదు. ఒక రిటైరయిన హెడ్మాస్టారు షష్టిపూర్తికి ఆ సైజులో కావాలని పట్టుబడితే చెంపలు వేసుకుని, "వద్దండి మాస్టారూ, మీరు చల్లగా ఉండాలి," అని బలవంతంగా చిన్నది అంటగట్టాడు.

ఇంకో సంగతి. గుంపు ఫోటోల్లో చాలామంది ఫ్లాష్ వెలగ్గానే కళ్ళు మూస్తారు. మూసిన కళ్ళతో పటానికి దండ వెయ్యడం మనవాళ్ళకి ఇష్టం ఉండదు. అందుకని స్టూడియో ఆయన కళ్ళు తెరిపించేవాడు. ఆయన మాటే అది, తెరిపించడం. తమ్ముడో కొడుకో ఉంటే వాళ్ళని కూర్చోబెట్టి ఫోటో తీసి ఆ కళ్ళు అతికేవాడు. ఎవరూ లేకపోతే ఆయన దగ్గర ఆరు జతలు విడిగా దాచి ఉండేవి. అందులో ఒక జత పక్క వీధి టైపు ఇన్‌స్టిట్యూటు గుమస్తావి, నిక్షేపంగా బతికున్నవాడివి. నేను ఆ సంగతి తెలిశాక చాలా ఇళ్ళల్లో గోడల వైపు చూడటం మానేశాను. గోదావరికి ఇటూ అటూ ఎందరి పితృదేవతలో ఆ గుమస్తా కళ్ళతో చూస్తున్నారు.

"సేవ్ కొట్టి టీకి వెళ్ళి వచ్చినా అవ్వట్లేదండి మేడమ్ గారూ. ఏదైనా చేసి పెట్టండి," అన్నాడు స్టూడియో ఆయన.

అడాప్టరు బిగించాను. కొత్త ప్రాసెసర్ కూర్చోబెట్టాను. అరవై ఆరు మీద చక్కగా నడిచింది. అప్పుడు జంపరు తీసి ఎనభై మూడుకి జరిపాను.

మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి చూశారు. "అమ్మాయిగారూ, ప్రాసెసర్ కొత్తది, పరిగెడతాదండి. డిస్కు పాతది కదా. అది కూడా ఆ తాళానికే అడుగెయ్యాలి."

"బూట్ అయింది కదా మాస్టారూ."

"అవడం వేరండి. రాసింది రాసినట్టు ఉండటం వేరు."

"మీ రేడియోల్లో చూపించండి ఎక్కడైనా ఈ లెక్క."

 ఆయన్ని వాదనలో ఓడించడం నాకు ఎంత తేలికో, ఆయన ఎన్నిసార్లు ఒప్పో ఆ తర్వాత చూసుకున్నాను. డిస్కు మీద ఒక పెద్ద ఫైలు రాసి, తిరిగి చదివి, రెండూ ఒకటేనా అని పోల్చే పరీక్ష ఉంది. అరగంట పని. చెయ్యలేదు. స్టూడియో ఆయన ఎదురుగా నిలబడి, తెర మీద ముఖం గబగబా గీసుకుంటుంటే దణ్ణం పెడుతున్నాడు. దణ్ణం పెట్టే మనిషి ముందు పరీక్షలు చెయ్యబుద్ధి కాలేదు.

వారం తిరక్కుండా స్టూడియో నుంచి కబురు. వెళ్ళేసరికి కంప్యూటర్‌కి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి.

"ఇందులో ఏదో ఉందండి," అన్నాడు మెల్లిగా, అది వింటుందేమోనన్నట్టు.

"మిరపకాయలున్నాయి. తీసెయ్యండి, ఫ్యానులో పడతాయి."

ఒక పటం తెరిచి చూపించాడు. ఎనభై ఏళ్ళ పెద్దావిడ. నుదుటి దగ్గర అడ్డంగా ఒక పట్టీ, ఆ పట్టీలో ఇంకెవరిదో నుదురు, దాని మీద నిలువు నామం. మగవాళ్ళు పెట్టుకునేది. పట్టీ పైనా కిందా పెద్దావిడే. ఇంకో పటంలో ఒక కుర్రవాడికి నడివయసు మీసం. చూస్తుంటే ఒళ్ళు గగుర్పొడిచింది, అది ఆయన ముందు ఒప్పుకోలేదు. మీరే ఏదో తప్పు నొక్కి ఉంటారన్నాను.

"నేను నామం ఎందుకు పెడతానండి ఆవిడకి? ఆవిడ పటం పెద్దకార్యం పీట మీదకి వెళ్ళాక వాళ్ళవాళ్ళు చూసుకుంటే నా గతేంటి?"

జంపరు వెనక్కి పెడితే పోయేది. పెడితే మాస్టారు గెలిచినట్టు. వేడి ఎక్కువై అలా చేస్తోందని చెప్పి, ఇంకో ఫ్యాను తెచ్చి బిగిస్తానన్నాను.

ఫ్యాను బిగించడానికి వెళ్ళిన రోజే ఆవిడ వచ్చింది.

నలభై దాటిన మనిషి. ధవళేశ్వరం దిగువన కాలువ లాకుల దగ్గర వాళ్ళ ఊరు. భర్త ఆ లాకుల మీద లస్కరు, అంటే నీళ్ళ తలుపులు ఎత్తి దించే మనిషి. ఒక సాయంత్రం డ్యూటీకి వెళ్ళి ఇంటికి రాలేదు. మూడో రోజు దిగువన దొరికాడు. ముఖం ఆవిడకి చూపించలేదు, కప్పేసి తీసుకెళ్ళిపోయారు. పిల్లల్లేరు. పెళ్ళి ఫోటోలు తుఫానులో ఇంటికప్పుతో పాటు పోయాయి. డ్యూటీ కార్డు ఆయన జేబులోనే నాని ముద్దయింది. మిగిలింది ఎవరిదో గృహప్రవేశం ఫోటో ఒకటి, అందులో వెనక వరసలో ఆయన. అది ఫ్రేము అద్దానికి చెమ్మతో అతుక్కుపోయి ఉంటే, ముందురోజు స్టూడియో ఆయన అద్దంతో సహా స్కాన్ చేసి, ఆ తర్వాత ఊడదీశాడు. ఊడదీస్తున్నప్పుడే బొమ్మ పొర అద్దంతో వెళ్ళిపోయింది. అంటే ఇప్పుడు ఆ మనిషి ముఖం లోకంలో ఒక్కచోటే ఉంది, నేను ఎనభై మూడు మీద తోలుతున్న డిస్కులో. అది నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే, అని ఆగిపోతాను ఎప్పుడూ.

ఆ ఫోటోలో ఆయన కళ్ళు మూసుకున్నాడు.

తెరిపించమంటారా అని ముందురోజే స్టూడియో ఆయన అడిగాడట. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ రోజు ఆవిడతో వచ్చిన అన్నగారు మళ్ళీ అందుకున్నాడు. "తెరిపించేద్దామే చెల్లెమ్మా. దండేసేక బాగోదు. అంతా అడుగుతారు."

"అడగనియ్యి. ఎవడి కళ్ళో తెచ్చి ఆయనకి పెట్టద్దు. పడుకున్నట్టే ఉండనియ్యి," అంది. తర్వాత నా వైపు తిరిగి, నేనేదో అడిగినట్టు చెప్పింది. "కాలు జారిందన్నారండి అందరూ. ఇరవై ఏళ్ళు ఆ లాకు చెక్క మీద నడిచిన మనిషి. కళ్ళకి గంతలు కట్టినా నడుస్తాడు. ఒక్కసారి ముఖం చూస్తే నాకు తెలిసేది."

ఏం తెలిసేదని నేను అడగలేదు.

స్టూడియో ఆయన ఫైలు తెరిచాడు. ముందురోజు కళ్ళు మూసి ఉన్నట్టే సేవ్ చేసి పెట్టానన్నాడు. పెద్ద ఫోటో కనుక అంత వేగంలోనూ పైనుంచి కిందకి పట్టీలు పట్టీలుగా వచ్చేది. జుట్టు వచ్చింది. నుదురు వచ్చింది. కనుబొమ్మల దగ్గర ఒక్క క్షణం ఆగింది, డిస్కు కిర్రుమంది.

తర్వాతి పట్టీలో కళ్ళు తెరిచి ఉన్నాయి.

ముక్కు సగం నుంచి కిందకి మళ్ళీ గృహప్రవేశం ఫోటోలో మనిషే, కాస్త మసకగా. కళ్ళు మాత్రం మసక లేవు. ఎదురుగా కూర్చుని తీయించుకున్న ఫోటోలోలాగ సూటిగా ఉన్నాయి. స్టూడియో ఆయన కుర్చీ వెనక్కి జరిగి గోడకి తగిలింది. అన్నగారు గుమ్మంలోకి వెళ్ళిపోయాడు. ఎడమ కంటి నల్లగుడ్డు పక్కన తెల్లగా ఒక చుక్క కనిపించింది. తెర మీద దుమ్మనుకుని పమిట చెంగుతో తుడిచాను. పోలేదు. మళ్ళీ తుడిచాను.

"తుడవకండి," అంది ఆవిడ. "అది దుమ్ము కాదు. ఆయన కంట్లో పువ్వు. చిన్నప్పుడు వరిగడ్డి పొడుచుకుంది."

 బయట ములక్కాడలవాడు పక్క వీధికి వెళ్ళినట్టున్నాడు.

ఆవిడ తెర దగ్గరగా వంగి చాలాసేపు చూసింది. చెయ్యి ఎత్తి, తెరకి తగలకుండా ఆపి, దించేసింది. తర్వాత స్టూడియో ఆయన వైపు తిరిగి అడిగింది. "ఈ ఫోటో ఎప్పుడు తీసేరండి?"

"నేను తియ్యలేదమ్మా. పెనుగొండ అమ్మవారి మీద ఒట్టు. నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు."

"మరి ఎవరు తీసేరు?"

ఆయన నా వైపు చూశాడు. ఆవిడా నా వైపు చూసింది. అప్పటికి నాకు సగం అర్థమైంది, నామం ఎక్కడి నుంచి వచ్చిందో, మీసం ఎక్కడి నుంచి వచ్చిందో, మాస్టారు ఏం చెప్పారో. మిగతా సగం ఆలోచించకుండా నోరు తెరిచాను. నా నోరు ఎప్పుడూ నాకంటే ముందుంటుంది.

"కంప్యూటర్ తప్పండి అది. పాత ఫోటోలు దీంట్లో చాలా ఉంటాయి, ఎవరివో వచ్చి కలిశాయి. మీ ఆయనవి కావు."

"నాకు తెలీదా అండి," అంది. గొంతు పెంచలేదు. "పద్దెనిమిదేళ్ళు చూసేను."

"ఒక్కోసారి అలా అనిపిస్తుందండి, బాధలో."

ఈ మాట అన్నది నేనే. ఇంకెవరైనా నాతో అని ఉంటే వాళ్ళకి ఆ పూట భోజనం సయించేది కాదు. ఆవిడ నన్ను కిందనుంచి పైకి ఒకసారి చూసి, "అయితే అలాగే అచ్చు తియ్యండి. మూసింది వద్దు," అంది.

అచ్చు తీశాం. తెల్లకాయితం మీద జుట్టు, నుదురు, కళ్ళు, అడుగున తేదీ. స్టూడియో ఆయన బ్రష్షుతో పేరు రాస్తుంటే ఒక సున్నా పెద్దదైంది. ఆవిడ దాన్ని చీరకొంగులో చుట్టుకుని, బస్సు వేళయిందని అన్నగారు తొందరపెడుతుంటే గుమ్మం దగ్గర ఆగింది. ఇంకేదైనా అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు.

ఆవిడ సందు తిరగ్గానే స్టూడియో ఆయన నా చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "మొత్తం తుడిచేయండి మేడమ్ గారూ. ఒక్క ముఖం కూడా మిగలకూడదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టుకుంటాను."

నాకూ అదే కావాలి. ఆయనకి భయం, నాకు సిగ్గు. నా ఎనభై మూడు చేసిన పనులు ఆ డిస్కులో పటం పటానికీ ఉన్నాయి, అవి ఎవరి కంటా పడకూడదు. జంపరు తీసి అరవై ఆరుకి పెట్టాను. డిస్కు ఫార్మాట్ చేశాను. నిజంగా అంతా తుడిచేస్తారా అని కంప్యూటర్ అడిగింది, అవునంటే వై నొక్కమంది. వై నొక్కాను. అది ఒకటి, రెండు, మూడు శాతమంటూ వందదాకా లెక్కపెట్టింది. వంద అయ్యేసరికి వీధిలో బడి పిల్లలు ఇళ్ళకి వెళ్తున్నారు.

మర్నాడు షాపులో మాస్టారికి చెప్పాను. ఓడిపోయానని చెప్పలేదు, జరిగింది చెప్పాను. ఎలా జరిగిందో కూడా నేనే వివరించాను. కంప్యూటర్లో ఒక ఫైలు తీసేసినా, దాని మీద ఇంకోటి రాసినా, పాతది వెంటనే పోదు. పలక మీద పాత రాత పూర్తిగా తుడవకుండా కొత్తది రాసినట్టు. బోర్డు పరుగుకి డిస్కు తట్టుకోలేక మధ్యలో కొన్ని వరసలు రాయడం ఎగ్గొడుతోంది. ఎగ్గొట్టిన చోట అడుగున ఉన్న పాత ముఖం బయటికి కనిపిస్తోంది. అంతే, దెయ్యం లేదు, భూతం లేదు.

మాస్టారు సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టారు. "మరి కన్ను ఉండాల్సిన చోటే కన్ను ఎలా వచ్చిందండి?"

"ఆయన రెండు గీతలు గీస్తాడు కదా. అన్ని పటాల్లోనూ కళ్ళు ఒకే గీత మీద ఉంటాయి."

"అంటే అడుగున ఉన్నది కూడా అదే సైజు పటం."

"అవును."

"ఆ సైజు బతికున్నవాళ్ళకి చెయ్యడు కదండీ ఆయన."

 మాస్టారు ఐరన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు ఏమీ అతకకుండా పట్టుకుని కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నమే స్టూడియోకి వెళ్ళాను. తెర మీద కొత్త పటం, కొత్త ముఖం, రెండు గీతలు. లస్కరు పటం సేవ్ చేసేటప్పుడు కంప్యూటర్ ఏమైనా అడిగిందా అన్నాను. ఆయన మౌసు కదిలించడం ఆపాడు.

"అడిగిందండి. ఆ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది, దాని మీద రాసెయ్యమంటావా అంది. నేనే పొద్దున్న ఒకసారి సేవ్ చేసుంటాననుకుని ఎస్ అన్నాను."

"చేశారా పొద్దున్న?"

"చేసే ఉంటానండి."

"కళ్ళు తెరిచి ఉన్నది ఎక్కడి నుంచి చేశారు?"

"మేడమ్ గారూ, నేను ముఖాలు చూడను. గీతలు చూస్తాను. రోజుకి ఇద్దరు ముగ్గురు వస్తారు. చూస్తూ కూర్చుంటే నేను అన్నం తినగలనా?"

ఫైలు పేరంటే తేదీ. ఆ మనిషి పోయిన తేదీ. ఆ తేదీతో, పువ్వున్న కళ్ళతో, పన్నెండు బై పదిహేనులో ఒక పటం ఆ డిస్కులో ముందే ఉంది. ఒక ఫైలు మొట్టమొదట ఏ రోజు, ఎన్ని గంటలకి పుట్టిందో కంప్యూటర్ ఒక మూల రాసి పెట్టుకుంటుంది. దాని మీద ఎన్నిసార్లు తిరగరాసినా ఆ ఒక్క ముక్కా చెరపదు. రెండు క్లిక్కుల్లో చూడొచ్చు. చూడ్డానికి ఇంక ఏమీ లేదు. నేనే వై నొక్కాను.

వారం తర్వాత బస్సెక్కి లాకుల ఊరు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో దారంతా నాతో నేనే వాదించుకున్నాను. ఆవిడ ఇల్లు కాలువగట్టు మీదే. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద దండలోంచి ఆయన చూస్తున్నాడు. వచ్చేవాళ్ళని కాదు, వచ్చేవాళ్ళ వెనక గుమ్మాన్ని. మజ్జిగ ఇచ్చింది. అచ్చు రంగు నిలిచిందో లేదో చూసి పోదామని వచ్చానన్నాను. ఆవిడ ఆ అబద్ధాన్ని కూడా మర్యాదగా తీసుకుని పక్కన పెట్టింది.

"మీరన్నారు కదండీ, కంప్యూటర్లో పాత ఫోటోలుంటాయని. ఆయన పాత ఫోటో ఉందన్నమాటే కదా దాంట్లో," అంది.

"ఇప్పుడు లేవండి. అంతా పోయింది."

"ఎలా పోయింది?"

ఈసారి నిజం చెప్పాను. "నేనే తుడిచేశాను."

ఆవిడ పటం వైపు చూసింది. "నా దగ్గర ఇలాంటి ఫోటో లేదండి. ఆయన తియ్యించుకున్నట్టు నాకు చెప్పలేదు. ఎవరి దగ్గరుండి ఉంటుంది?" తర్వాత నా గ్లాసు తీసుకుని, "ఇంకాస్త పొయ్యనా?" అంది. బయట లాకు తలుపు కింద నీళ్ళు పడుతున్న చప్పుడు. ఆ చప్పుడులో పద్దెనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషికి అది వినిపిస్తుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం తిరుగు బస్సులో కూడా వినిపించింది.

తర్వాత ఎన్నో కంప్యూటర్లకి అడాప్టర్లు బిగించాను. రాసి ఉన్నదాని మీద ఒక్క గడి కూడా ఎప్పుడూ జరపలేదు. మాస్టారు పోయారు. ఆయన పటం స్టూడియో ఆయన దగ్గర చేయించవద్దని ఇంట్లోవాళ్ళతో దెబ్బలాడి, మామూలు సైజులో, నవ్వుతున్న ఫోటో పెట్టించాను. నేను షాపు మూసేశాను. స్టూడియో ఆయన ఇప్పుడు ఫ్లెక్సీలు కొడుతున్నాడు, శుభాకాంక్షలూ సంతాపాలూ ఒకే మెషిన్ మీద. ఎక్కడ ఎదురుపడినా ఆ మొదటి పటం ఎవరు చేయించారని అడుగుతాను. మొదట్లో ఒట్లు పెట్టేవాడు. ఈ మధ్య పెట్టడం లేదు. కిందటిసారి కూరల బజారులో పట్టుకుంటే, "నన్నడుగుతారేంటండీ, తుడిచింది మీరే కదా," అని సంచి చెయ్యి మార్చుకుని వెళ్ళిపోయాడు.

ఆ తుడవమన్నది ఎవరో ఆయన మరిచిపోయినట్టున్నాడు, లేదా మరిచిపోలేదేమో.

నేను తేల్చుకోగలిగింది ఇంతవరకే. ఆవిడకంటే ముందు ఆ స్టూడియో గుమ్మంలోకి ఎవరో వచ్చారు. వాళ్ళ దగ్గర లస్కరు కళ్ళు తెరిచి ఉన్న ఫోటో ఉంది. స్టూడియో ఆయన అలవాటుగా ఎప్పుడు పోయారండీ అని అడిగాడు, వాళ్ళు తేదీ చెప్పారు. లస్కరు మూడో రోజు దొరికాక వాళ్ళు వచ్చారంటే, ఆ పటం ఇంకో ఇంటి గోడ మీద ఉంది, దానికీ ఎవరో దండ మారుస్తున్నారు. అంతవరకు నేను ఊహించగలను. ఆయన దొరక్కముందే, పోయాడని ఇంకెవరికీ తెలియకముందే వచ్చారంటే మాత్రం నా చదువూ నా నోరూ రెండూ అక్కడ ఆగిపోతాయి.

ఆ రోజు ఆవిడ అడిగినప్పుడు నేను చెప్పని జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు. అందుకని అదే ప్రశ్న నేనూ అడుగుతున్నాను. ఆ తేదీ చెప్పడానికి వాళ్ళు ఏ రోజున వచ్చారు?